పక్కకు తిరిగిన పన్నెండు

పెద్దబాపు దినాలనాడు, విస్తళ్లు ఎత్తుతుండగా, పెద్దమ్మ నన్ను లోపలి అర్రలోకి రమ్మని సైగ చేసింది. పెద్దబాపు అంటే మా బాపుకు అన్న. ఆ ఇంటి గడప తొక్కడం చిన్నప్పటి తర్వాత నాకు అదే మొదటిసారి. కాళ్లు కడుక్కుని లోపలికి పోతూ, అరవై దాటిన దాన్ని, చీర కుచ్చిళ్లు వదిలేసి ఎప్పటిదో గౌను సర్దుకోబోయాను.

గోడకు ఒక మేకు, మేకుకు ఒక గడియారం. దాని తోలుపట్టీ ఎండి తునికాకులా అయింది. పెద్దమ్మ దాన్ని తీసి, కొంగుతో తుడిచి, నా అరచేతిలో పెట్టింది. అది వేలాడిన చోట గోడ మీద సున్నం తెల్లగా, గుండ్రంగా మిగిలింది.

“గిది నీకే ఇయ్యమన్నడు మీ పెద్దబాపు,” అంది. నా వేళ్లు దాని మీదికి మూసి, “చేతికి మాత్రం కట్టుకోవద్దన్నడు బిడ్డా. గా ముచ్చట రెండుసార్లు చెప్పిండు.”

నాకు ఒళ్లు మండింది. మా బాపు చెయ్యి దొంగచెయ్యి అన్న మనిషి, పోతూ పోతూ ఆ మాటను బాపు బిడ్డ చేతికి కూడా తగిలించి పోయాడు అనుకున్నాను. పెద్దమ్మ ఇంకేదో చెప్పబోయింది. బయటి నుంచి ఎవరో పిలిచారు. నేనూ ఆగలేదు. పాలమూరు బస్సెక్కి కూర్చోగానే చేసిన మొదటి పని, దాన్ని ఎడమ చేతికి కట్టుకోవడం. నా మణికట్టు మీద అది అరిసెలా ఉంది.

దాని పన్నెండు పైన ఉండదు. వేళ్ల దిక్కుకు తిరిగి ఉంటుంది. టైము చూడాలంటే తల కుడి భుజం మీదికి వాల్చాలి. నేను అట్లా రెండుమూడుసార్లు వాల్చి చూసేసరికి, పక్క సీటులోని ఆమె జాలిపడి, “మెడ పట్టుకున్నదా అమ్మా? జర ఆముదం రాసి కాపుకోరాదు?” అంది.

ఆముదం అనగానే నేను బస్సులో లేను. మా బావి దగ్గర ఉన్నాను.

మాది అచ్చంపేట దిక్కు, నల్లమల మొదలయ్యే చోట ఒక ఊరు. ఎండాకాలం వస్తే ఊరంతా ఇప్పపువ్వు తీపి వాసన కమ్ముకునేది. మా బావి దగ్గర మాత్రం వేరే వాసనలు: నానిన తోలు బొక్కెన, గిరకకు పూసిన ఆముదం, ఎడ్ల చెమట. అప్పటికింకా మా దగ్గర కరెంటు మోటార్లు లేవు. మోటే. ఎడ్లు ఏటవాలు బాటలో కిందికి దిగితే తోలు బొక్కెన నీళ్లతో పైకి వచ్చి కాలువలో కుమ్మరించేది. అవి వెనక్కి నడిస్తే మళ్లీ బావిలోకి దిగేది. గిరక కిర్రుమనే చప్పుడు ఆగిందంటే, ఎక్కడున్నవాళ్లమైనా తలెత్తి చూసేవాళ్లం. ఇప్పుడు ఆ ఊళ్లో అడుగడుగుకూ బోరుబావి. మోట అంటే ఏమిటో మా మనవరాలికి చెప్పడానికి గ్లాసూ దారమూ పట్టుకుని ఆటాడాల్సి వచ్చింది. చివరికి “నల్లా తిప్పితె అయిపోయేదానికి గింత కష్టమెందుకు అమ్మమ్మా?” అంది.

తాతకు ఇద్దరు కొడుకులు, ఒకటే బావి. చెరిసగం భూమి పంచగలడు గానీ బావిని ఎట్లా పంచుతాడు? అందుకని వంతులు పెట్టాడు. పొద్దు పొడవగానే మొదలుపెట్టి, మూడు గంటలు పెద్దకొడుకుకు, మూడు గంటలు చిన్నకొడుకుకు. ఈ రోజు పొద్దుటి వంతు ఒకరిదైతే, రేపు పొద్దుటి వంతు రెండోవారిది. వంతు చూసేది తాత, ఆయన చేతిలోని జేబు గడియారం.

ఆ గడియారం తాతకు ఎట్లా వచ్చిందన్నదానికి మా ఇంట్లో మూడు కథలుండేవి. అడవిలో దారి తప్పిన ఒక దొర ఇచ్చాడని తాత చెప్పేవాడు. రెండు పొట్టేళ్లిచ్చి సంతలో కొన్నాడని అవ్వ చెప్పేది. “దొరకు దారి చూపెట్టిండో, దొర జేబు దారి తనే చూసుకుండో” అని పెద్దబాపు నవ్వేవాడు. తాత కూడా నవ్వేవాడు. ఆ రోజుల్లో ఆ ఇంట్లో అట్లాంటి మాటకు కూడా నవ్వుకునేవాళ్లు.

తాత బనీనుకు లోపలి జేబు కుట్టించుకుని, నల్లదారం కట్టి, గడియారాన్ని అందులో వేసుకునేవాడు. నేను ఒడిలో కూర్చుంటే నా చెవికి ఆనించేవాడు.

“తాతా, దాంట్ల ఏమున్నది?”

“చీమ ఉన్నది. పొద్దుందాక నడుస్తనే ఉంటది. నేను రోజు చావి ఇస్తగద, గదే దానికి బువ్వ.”

లోపలి చీమకు చావి ఒక్కటే సరిపోతుందా అని నాకు దిగులు పట్టుకుంది. ఒక మధ్యాహ్నం తాత కునుకు తీస్తుంటే గడియారం పక్కన బెల్లం ముక్క పెట్టాను. లోపలి చీమ రాలేదు గానీ, బయటి చీమలు వాటి బలగంతో సహా వచ్చాయి. తాత బనీను విప్పి ఎగిరిన ఎగురుడు ఊళ్లో చాలా రోజులు చెప్పుకున్నారు. ఆయన నన్ను కొట్టలేదు. “నా గడియారానికి సుట్టాలను పిలిచింది నా మనవరాలు” అన్నాడు.

ఎండాకాలం మొదట్లో తాత పోయాడు. వంతు మారిందని కేక వేసి, గట్టు మీద కూర్చుని, నీళ్లు అడిగి, తాగకుండానే.

మా ఇంట్లో ఒక పద్ధతి ఉండేది. పోయినవాళ్ల వస్తువును ఉన్నది ఉన్నట్టుగా ఎవరూ ఒంటిమీద వేసుకోరు. కడియమైనా, కమ్మలైనా, కరిగించి వేరే రూపు చేయించాకే తొడుక్కోవాలి. దినాలు అయ్యాక అవ్వ గడియారాన్ని పట్టుకుని అవుసలాయన దగ్గరికి, అంటే బంగారం పనిచేసే ఆయన దగ్గరికి, బయలుదేరింది. నేను ఆమె కొంగు పట్టుకుని పోయాను.

“కరిగియ్యి,” అంది అవ్వ.

“గడియారం కరిగిస్తె గడియారమెట్లయితది అవ్వా? ముద్దయితది.”

“అదంత నాకు తెల్వదు. రూపు మారాలె. గిట్లనే జేబుల ఏసుకుంటె, గాయన వచ్చి ‘నా గడియారమేది’ అని అడుగుతడు.”

“వస్తె రానీ. టైమన్న చెప్పిపోతడు.”

అవ్వ నవ్వలేదు. అవుసలాయన గడియారాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు. పైన దారం కట్టే కడీని కోసేశాడు. ఇత్తడి తీగతో రెండు కొక్కాలు చేసి, కుంపటి ఊది, అంచులకు అతికాడు. వాటికి తోలుపట్టీ దూర్చి అవ్వ ముందు పెట్టాడు. జేబు గడియారం చేతి గడియారం అయింది.

“పైన చావి అడ్డమున్నది. అందుకే కొక్కాలు పక్కలకు పెట్టిన. టైము జర పక్కకు పడుకుంటది అవ్వా.”

“పడుకోనీ,” అంది అవ్వ. “ముసలాయన గూడ పడుకున్నడు గద.” అప్పుడు, అవుసలాయన ముందు, మొదటిసారి ఏడ్చింది. తాత పోయిన రోజు కూడా ఆమె అట్లా ఏడవలేదు.

ఇంటికి తెచ్చాక పెద్దబాపు దాన్ని ముట్టుకుని వెనక్కి జరిపాడు. “నాయినది. నేను చేతికి కట్టుకోను. నాకు మనసొప్పది,” అన్నాడు. తన వంతు వచ్చినప్పుడు దాన్ని మోట స్తంభానికి కొట్టిన మేకుకు తగిలించేవాడు. మా బాపు మాత్రం కట్టుకున్నాడు. “కట్టుకుంటె నాయిన చెయ్యి పట్టుకున్నట్టే ఉన్నదే” అని అమ్మతో చెప్పడం నేను విన్నాను. ఒకరు ప్రేమకొద్దీ కట్టుకోలేదు, ఒకరు ప్రేమకొద్దీ కట్టుకున్నారు. మా ఇంటిని చెడగొట్టడానికి ఈ రెండు ప్రేమలు చాలునని అప్పుడెవరికి తెలుసు?

బాపు మోట తోలడం చూడాలి. ఎడ్లు కిందికి దిగేటప్పుడు తాడు మీద ఎగిరి కూర్చుని, బరువంతా వేసి, ఎడమ చేత్తో తాడు పట్టుకుని జారేవాడు. మళ్లీ ఎడ్లను వెనక్కి నడిపిస్తూ, చేతిని కుదుపుతూ, పాట పాడేవాడు. మూడు గంటల్లో ఆ చేతిని ఎన్నిసార్లు కుదిపేవాడో. మధ్యమధ్యలో తల వాల్చి టైము చూసుకునేవాడు. అంకెలు మనకు బడిలో నేర్పినవి కావు, పుల్లలు పేర్చినట్టుండేవి. నేను పక్కన కూర్చుని పుల్లలు లెక్కపెట్టి వంతు చెప్పేదాన్ని. కొన్నాళ్లకు మా ఇంట్లో అందరి మెడలూ కుడివైపుకు వాలడం మొదలైంది. సంతలో మెడలు చూసి మా ఇంటివాళ్లను గుర్తుపట్టేవాళ్లు.

ఇక నా పాపం సంగతి. ఒకరోజు బాపు కాలువలో ముఖం కడుక్కుంటూ గడియారం విప్పి గట్టు మీద పెట్టాడు. వంతు అయ్యాక అలసందల గుడాలు పెడతానని అమ్మ చెప్పి ఉంది. అప్పటికే గట్టు కింద మూడు రాళ్ల పొయ్యి మీద అవి ఉడుకుతున్నాయి. ఎల్లిపాయ, ఎండుమిరపకాయ వేసి తాలింపు పెట్టిన వాసన నా కడుపులో చెయ్యి పెట్టి తిప్పుతోంది. నేనూ చెయ్యి పెట్టి తిప్పాను. చావి పైకి లాగి, పెద్దముల్లును కొంచెం ముందుకు జరిపాను. గుడాలు పావుగంట ముందే తిన్నాను. రుచిగానే ఉన్నాయి. ఆ తర్వాత ఎన్ని ఎండాకాలాలు తిన్నా అలసందలు నాకు గొంతు దిగలేదు.

సరిగ్గా ఆ వారంలోనే పెద్దబాపు నీడను చూశాడు.

మోట స్తంభం నీడ పక్కనున్న బండ మీద పడేది. ఆ యేడు నీళ్లు అడుగుకు పోయాయి. వంతు మారేలోగా ఊటకు ఎంత ఊరితే అంతే. రెండు బొక్కెనలు అటూ ఇటూ అయినా ఒకరి మిరపతోట తడుస్తుంది, ఒకరిది ఎండుతుంది. పెద్దబాపు తోట ఎండుతోంది. ఆయన రెండు రోజులు బొగ్గుతో బండ మీద గీతలు గీసి, మూడో రోజు బాపును పిలిచాడు.

“చిన్నోడా, జర ఇట్ల రా. నిన్న పొద్దుగాల నా వంతు. అయిపోయేటాళ్లకు నీడ గీ పగులు కాడ ఉండె. ఇయ్యాల పొద్దుగాల నీ వంతు. జానెడు దాటింది. గిదెట్లయితది?”

“నన్నడుగుతె? గడియారమున్నది గద.”

“గడియారం నీ చేతికే ఉన్నది గద.”

అంతే మాట. గడియారంలో రెండు ముళ్లే ఉంటాయి. మూడోది ఆ రోజు మా ఇంట్లో గుచ్చుకుంది.

అవ్వ ఇద్దరినీ కూర్చోబెట్టింది. “మీరిద్దరు ఒక్కనాడు ఊకోండ్రి. మోట బంద్ పెట్టుండ్రి. గడియారాన్ని మేకుకు తగిలియ్యిండ్రి. అది తప్పుతాందో, మనిషి తప్పుతాండో తెలుస్తది,” అంది. ఆ న్యాయం అందరికీ నచ్చింది. ఒక రోజంతా గడియారాన్ని స్తంభానికి వేలాడదీసి, ఊరి పెద్దమనుషులు ఇద్దరు బండ పక్కన కూర్చున్నారు. అమ్మ వాళ్లకు జొన్నరొట్టె, పచ్చిపులుసు పెట్టింది. పొద్దు పొడిచాక గడియారంలో మూడు గంటలు గడిచేసరికి నీడ సరిగ్గా పగులు దగ్గరికి వచ్చింది. గీటంత అటు లేదు, గీటంత ఇటు లేదు.

“గడియారంల తప్పులేదు,” అన్నారు పెద్దమనుషులు. గడియారంలో లేని తప్పు ఎక్కడుందో చెప్పాల్సిన పని వాళ్లకు పడలేదు. అందరూ బాపు చేతి దిక్కు చూశారు.

“ఎవరన్న ముట్టిండ్రా దాన్ని?” అని అవ్వ అడిగింది. ఆమె కళ్లు అందరి మీదా తిరిగి నా మీద కూడా ఆగాయి. నేను అమ్మ కుచ్చిళ్ల వెనక్కి జరిగాను.

“నేను ముట్టలే,” అన్నాడు బాపు.

“గట్లయితె బిడ్డ నెత్తి మీద చెయ్యి పెట్టి చెప్పు,” అన్నాడు పెద్దబాపు.

“పసిపిల్లను నడుమకు గుంజుతరా బావా? మీకు మనసెట్లొచ్చె?” అని అమ్మ అరిచింది. అప్పటికే బాపు నన్ను చెయ్యి పట్టి ముందుకు తెచ్చాడు. ఎడమ అరచెయ్యి నా నెత్తిన పెట్టాడు. తాడు పట్టి కాయలు కాసిన చెయ్యి, గడియారం కట్టిన చెయ్యి. అది నా చెవి పక్కనే టిక్కుటిక్కుమంటోంది. తాత చెప్పిన చీమ నా తలలోకి దిగి నడుస్తున్నట్టే ఉంది. “నా బిడ్డ మీద ఒట్టు. నేను చావి గుంజలే, ముల్లు జరపలే,” అన్నాడు బాపు. నా నోట్లో అలసందల రుచి వచ్చింది. ‘నేను జరిపిన బాపూ’ అన్న మాట గొంతు దాకా వచ్చి, అక్కడే కూర్చుంది.

పెద్దబాపు బండ దిక్కు చెయ్యి చూపాడు. “ఒట్టు నీది. నీడ దేవునిది,” అన్నాడు.

బాపు పట్టీ విప్పాడు. అన్న చేతికి ఇవ్వలేదు. బండ మీద, ఆ పగులు పక్కనే పెట్టాడు. “నీడ నీ దిక్కే ఉన్నది. గడియారం గూడ నువ్వే పెట్టుకో,” అన్నాడు.

గడియ అంటే కాలమూ అదే, తలుపుకు వేసేదీ అదే. ఆ సాయంత్రం రెండిళ్ల మధ్య తలుపుకు గడియ పడింది. వానలు పడకముందే బాపు ఎడ్లను సంతకు తోలి అమ్మేసి, మమ్మల్ని తీసుకుని పాలమూరు చేరాడు. ఒక మిల్లులో వాచ్‌మెన్‌గా కుదిరాడు. వాచీ వదిలేసిన మనిషి వాచ్‌మెన్ అయ్యాడని నేను పెద్దయ్యాక ఒకసారి అన్నాను, నవ్విద్దామని. బాపు నవ్వలేదు. ఆ తర్వాత నేనూ ఆ మాట అనలేదు.

ఆయన మళ్లీ ఏ గడియారమూ కట్టుకోలేదు. నా మొదటి జీతంతో ఒకటి కొనిచ్చాను. పెట్టెలో నుంచి తీసి, చెవికి ఆనించుకుని విని, మళ్లీ పెట్టెలో పెట్టాడు. “మంచిగున్నది బిడ్డా. చేతికి బరువైతది,” అన్నాడు. చివరిదాకా దారినపోయే వాళ్లను “టైమెంతయింది?” అని అడుగుతూనే బతికాడు. నన్ను కూడా అడిగేవాడు. నేను టైము చెప్పేదాన్ని. చెప్పాల్సిన ఆ ఒక్క మాట మాత్రం చెప్పలేదు. ఎన్నోసార్లు అనుకున్నాను. పెళ్లినాడు అప్పగింతల్లో, దవాఖానలో ఆయన మంచం పక్కన, ప్రతిసారీ అదే గొంతు, అదే అలసందలు.

బాపు పోయినప్పుడు ఊరికి కబురు పంపాము. పెద్దబాపు రాలేదు. మధ్యాహ్నం దాకా ఆపి చూశాము. అమ్మ గుమ్మం దిక్కే చూస్తూ కూర్చుంది. చివరికి, “ఇగ రాడు, లేపుండ్రి,” అంది. ఆ రోజు నుంచి పెద్దబాపు పేరు మా ఇంట్లో ఎవరూ ఎత్తలేదు. అది జరిగి ఇరవై ఏళ్లు దాటింది.

ఇదంతా బస్సులో గుర్తుచేసుకుంటూ ఇల్లు చేరాను. గడియారం విప్పలేదు. పంతం కదా. రెండు రోజులకే తెలిసింది, అది వెనకబడుతోందని. పొద్దున సరిచేసి కట్టుకుంటే, మధ్యాహ్నం టీవీలో వార్తలు మొదలైన అరగంటకు దానిలో వార్తల టైమయ్యేది. పెద్దబాపు ఇంట్లో మేకుకు ఉన్నన్నాళ్లూ అది ఒక్క నిమిషం తప్పలేదని పెద్దమ్మ కొడుకు ఫోనులో చెప్పాడు. నా చేతికి రాగానే తప్పుతోంది. మా బాపు చెయ్యీ, నా చెయ్యీ. మా చేతుల్లోనే ఏదో ఉందా అని, సైన్సు చదువుకున్న దాన్ని, రాత్రి చేతులు తిప్పి చూసుకున్నాను.

బజారు సందులో ఒక పాత గడియారాల దుకాణం ఉంది. కంటికి భూతద్దం బిగించుకున్న ముసలాయన, దాన్ని అరచేతిలో పెట్టుకోగానే నవ్వాడు.

“అమ్మా, గిది చేతి గడియారం కాదు. జేబుది. ఎవరో బంగారం పనాయన చేతిది చేసిండు. కొక్కాలు ఇత్తడివి, డబ్బా వేరే లోహం. గీడ చూడుండ్రి, కడీ కోసిన గుర్తు. చావి పన్నెండు కాడ. జేబు గడియారానికి గట్లనే ఉంటది.”

“తెలుసు,” అన్నాను, కొంచెం గర్వంగానే. “అతుకుతుంటే నేను పక్కనే ఉన్న.”

“అయితె గిది గూడ తెలిసే ఉంటది. గిది నిలబడి నడిచే గడియారం. జేబుల నిలబడి ఉంటది, లేకుంటె మేకుకు ఏలాడుతది. గట్ల పెట్టినన్ని రోజులు ఫికర్ లేదు.” వెనకమూత తెరిచి, సన్నటి చక్రాన్ని చూపించాడు. “దీని ఇరుసు కొన దెబ్బతిన్నది, ఎన్నడో కింద పడ్డదో, అతికేటప్పుడు సెగ తగిలిందో. నిలబెడితె మంచిగ తిరుగుతది. చేతికి కట్టి పండబెడితె, కుదిపితె, కుంటుతది. గంటకు నాలుగైదు నిమిషాలు ఎనకపడుతది. ఎవరు కట్టుకున్నా గంతే.”

“ఎవరు కట్టుకున్నా?”

“ఎవరు కట్టుకున్నా అమ్మా. చేతుల తప్పు కాదు.”

ఆయన స్టూలు ఇటు జరిపాడు. నేను కూర్చున్నాను. గంటకు ఐదు నిమిషాలు. మూడు గంటలకు పావుగంట. జానెడు నీడ. అవ్వ పెట్టిన పరీక్షలో మేము గడియారాన్ని మేకుకు వేలాడదీశాము. దాన్ని నిలబెట్టి, అది నిజం చెబుతోంది అన్నాము. బాపు చేతికి కట్టి పరీక్ష చేయాలని ఒక్కరికీ తోచలేదు. నీడా అబద్ధమాడలేదు, బాపూ అబద్ధమాడలేదు.

ఇంకో లెక్క కూడా అక్కడే తేలింది. ఆ రోజు గుడాల కోసం నేను ముల్లును ముందుకు జరిపాను. ముందుకు జరిపితే బాపు వంతు తగ్గాలి గానీ పెరగదు. నేను మోసం చేసింది ఎవరినైనా ఉంటే, అది మా బాపునే, ఒక్క పూట, పావుగంట. ముప్పై ఏళ్లు పిల్లలకు లెక్కలు చెప్పిన పంతులమ్మను నేను. అట్ట గడియారం చేసి, ముళ్లు ముందుకూ వెనక్కూ తిప్పి, ‘ఇప్పుడు ఎంత తగ్గింది, ఎంత పెరిగింది’ అని వందలమందిని అడిగాను. నా ఒక్క లెక్క నేను చేసుకోలేదు. భయం పట్టుకున్నవాళ్లు లెక్క చేయరు, మోస్తారు.

తెల్లారి మొదటి బస్సుకే ఊరికి పోయాను. పెద్దమ్మకు ఈ సంగతి చెప్పాలి. మా బాపు దొంగ కాదని, ఆ ఇంట్లో, ఆ గోడ ముందు నిలబడి చెప్పాలి. దారంతా మాటలు కూర్చుకున్నాను. చాలా పదునైన మాటలు.

పెద్దమ్మ వాకిట్లో చింతపండు గింజలు తీస్తోంది. నా చేతికి గడియారం చూసి, కొట్టే రాయిని పక్కన పెట్టింది.

“కట్టుకున్నవా? వద్దంటి గద బిడ్డా.”

నేను కూర్చుకున్న పదునైన మాటలన్నీ ఒక్కసారిగా కుమ్మరించాను. నిలబెడితే నడిచేది, కడితే కుంటేది, ఇరుసు, జానెడు నీడ. నేను అలసి ఆగాక పెద్దమ్మ నిదానంగా అంది.

“తెలుసు.”

“ఏం తెలుసు?”

“మీ బాపు పోయిండని తెల్లారంగనే కబురొచ్చినప్పుడు మీ పెద్దబాపు స్నానం చేసి, మేకు మీదికెల్లి గడియారం తీసి చేతికి కట్టుకుండు. అప్పటిదాక ఎన్నడు కట్టలే. ‘గదెందుకయ్యా’ అన్న. ‘తమ్ముడు కట్టుకున్నది, వాని ముందటికి కట్టుకొనే పోత. వానికే ఇచ్చొస్త’ అన్నడు. రోడ్డు దాక నడిచిపోవాలె గద అప్పుడు. పదకొండుకు బస్సు. మోకాళ్ల నొప్పులాయె, ఇంకా టైమున్నదని నడుమ తుమ్మచెట్టు కింద కూసున్నడట. గడియారం చూసుకుంట కూసున్నడట.”

ఆమె చింతపండు చేతులను కొంగుకు తుడుచుకుంది.

“రోడ్డెక్కెటాళ్లకు బస్సు ఎల్లిపోయింది. మల్ల బస్సు పొద్దుమీకినంకనే. గడియారంల చూస్తె ఇంకా పావుగంట ఉన్నది. ఇంట్ల ఒక్కనాడు తప్పంది, గియ్యాల ఎట్ల తప్పిందని మీద చూసిండట, పొద్దును. కింద చూసుకుండట, తన నీడను. గప్పుడు ఎరుకైందట. గాడనే కూలబడ్డడు. లారోళ్లు ఆపి అడిగినా ఎక్కలే. ఏ మొకం పెట్టుకొని పోవాలన్నడు.”

గింజలు ఏరే చాటలో ఈగ వాలింది. ఇద్దరమూ దాన్ని తోలలేదు.

“పొద్దుమీకినంక ఇంటికొచ్చి మేకుకు తగిలిచ్చిండు. ‘చిన్నోడు అబద్ధమాడలే’ అన్నడు. నేనన్న, గట్లయితె పోయి చెప్పిరాపోయినవని. ‘ఎవనికి చెప్పాలె?’ అన్నడు.” పెద్దమ్మ మళ్లీ రాయి అందుకుంది. “గంతే బిడ్డా. గా దినం నుంచి రోజూ చావి ఇచ్చెటోడు. ఇచ్చి, దాని ముందట నిలబడెటోడు. నీకిస్తె, నువ్వు కట్టుకొని ఏడ బస్సు తప్పిచ్చుకుంటవో అని గాయన భయం. గందుకే రెండుసార్లు చెప్పిండు.”

ఆ వాకిట్లో నుంచి పిలిస్తే పలికేంత దూరంలో ఆ బావి ఉంది. పూడిపోయి, తుమ్మలు మొలిచి. బండ ఇంకా ఉందట. నేను చూడ్డానికి పోలేదు.

“పెద్దమ్మా, నేను చిన్నప్పుడు ఆ ముల్లును ఒకసారి జరిపిన,” అన్నాను. ఎవరికీ చెప్పని మాట. చెప్పాల్సిన వాళ్లు లేరని తెలిసి, మిగిలిన ఒక్క మనిషికి చెప్పాను.

“ఎందుకు?”

“గుడాలకు.”

పెద్దమ్మ నా నెత్తి మీద చెయ్యి పెట్టింది. ఆ చేతికి గడియారం లేదు. చింతపండు వాసన ఉంది.

కాసేపటికి లేచి అర్రలోకి పోయాను. పట్టీ విప్పాను. మణికట్టు మీద దాని గుండ్రటి గుర్తు పడింది. గోడ మీద కూడా అంతే గుర్తు. ఫోనులో చూసి ముళ్లు సరిచేశాను, ఈసారి ముందుకు జరపడం న్యాయమే కాబట్టి. మేకుకు తగిలించి, ఇంటికి బయలుదేరే వేళ దాకా అక్కడే ఉండనిచ్చాను.

పెద్దమ్మ వాకిట్లో నుంచి కేకేసింది. “టైమెంతయింది బిడ్డా? బస్సుకు పోవాలె గద.”

తల కుడి భుజం మీదికి వాల్చి చూశాను. సరిగ్గానే నడుస్తోంది.